ముప్పై కుడుకల పొద్దు

పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరు అమ్మాయిలు నందికొండలో మా క్వార్టరు వెతుక్కుంటూ వచ్చారు. నల్లగొండ కాలేజీలో బి.ఏ. చదువుతున్నారట. సుగుణ అనే అమ్మాయి మాట్లాడుతుంటే, నార్కట్‌పల్లి పిల్ల మేరీ రాసుకుంటోంది. అచ్చు పుస్తకాల్లోంచి ఎత్తి రాసిన వ్యాసం ఏదీ ఈ ఏడు తీసుకోనని వాళ్ళ లెక్చరరు చెప్పాడట. పట్టణంలో పాత గ్రంథాలయం ఉంది, అందులో దస్త్రాల గది ఉంది, అక్కడ కూర్చుని మీ కళ్ళతో చూసింది రాసుకురండి అన్నాడట. ఆ గదిలో ఇరవై మూడు రోజులు కూర్చున్నామని, నేను అడగకుండానే మేరీ చెప్పింది. ‘చాలా రోజులు’ అనకుండా ఇరవై మూడు అన్నందుకు ఆ పిల్ల మీద నాకు వెంటనే గురి కుదిరింది.

వాళ్ళు ఒక కాగితం నా ముందు పెట్టారు. అసలుది బయటికి ఇవ్వరు కనుక పెన్సిలుతో ఉన్నదున్నట్టు దించుకొచ్చారు. నిలువుగా పన్నెండు అంకెలు, వాటి అడుగున సరాసరి, పక్కన ‘కారణం’ అని ఒక గడి. ఆ గడిలో ఒక మాట రాసి, దాని మీద రెండు అడ్డగీతలు గట్టిగా కొట్టి ఉన్నాయి. ఆ కొట్టివేతను కూడా వదలకుండా దించారు. పైన నా పేరు, మా ఊరి పేరు. ఆ ఊరికి వెళ్ళి అడిగితే, సాయిలు ఇప్పుడు డ్యాం మీద నీటిమట్టం చూసి రాసే పనిలో ఉన్నాడని ఎవరో చెప్పారట.

“ఇది మీ చేతిరాతేనా సార్?” అంది సుగుణ.

“నాదే.”

“గీ కొట్టేసిన మాట ఏంది సార్? కిటికీ కాడ వెలుగుల పెట్టి చూసినం, చదవరాలే. దీని వెనక వ్యాసంల ‘కారణం తెలియదు’ అని ఉంది. తెల్వకపోతే ముందుగాల ఏం రాసిన్రు? రాసినంక ఎందుకు కొట్టేసిన్రు?”

చాయ పెట్టిస్తానని లేచి లోపలికి పోయాను. చాయకు అంత తొందరేమీ లేదు. ఆ మాట నేను ఒక్కసారే రాశాను, ఇంటి బయట ఎవరికీ పైకి చెప్పలేదు. చెప్పాలంటే కుడుక దగ్గర మొదలుపెట్టాలి.

మా బాపు లచ్చయ్య ఊరికి నీరటి. చెరువు తూము తెరిచేది, మూసేది, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పోవాలో చూసేది నీరటి పని. మా ఊరు పానగల్లు దాటాక నాలుగు కోసులు. నిజాం కాలం అప్పటికింకా అయిపోలేదు, అయిపోతుందని మా ఊళ్ళో ఎవరూ అనుకోవడమూ లేదు. మాకు గుంటెడు భూమి లేదు. ఊరి నీళ్ళన్నీ బాపు చేతుల మీదుగానే పోయేవి, మా ఇంటి ముందు దోసపాదుకు మాత్రం అవ్వ కడవతో మోసుకొచ్చి పోసేది. మా అమ్మ నేను నడక నేర్వకముందే పోయింది. ఇంట్లో మేము ముగ్గురం: బాపు, బాపును కన్న అవ్వ, నేను. అవ్వ కోడి కూయకముందే లేచి వాకిట్లో సానుపు చల్లేది. ఆ పేడనీళ్ళ వాసన, పొయ్యి మీద జొన్న గటక ఉడికే వాసన, రెండూ కలిసి వస్తే నాకు మెలకువ వచ్చేది. బాపు గటకలో ఇంత మజ్జిగ పోసుకుని తాగి, తలకు గుడ్డ చుట్టి, కుడుకను ఒక ఎర్రగుడ్డలో మూటగట్టి చంకకింద పెట్టుకుని, చెప్పుల్లేకుండా కట్ట మీదికి నడిచేవాడు. ఏ రోజూ తొందరపడి నడిచింది లేదు, ఏ రోజూ పొద్దు పొడిచాక తూము చేరుకున్నదీ లేదు.

కుడుక అంటే అరచేతిలో పట్టేంత రాగి గిన్నె, కొబ్బరి చిప్ప ఆకారం. దాని నడిమి అడుగున సూదిమొన పట్టే రంధ్రం ఒకటి. తూము దగ్గర ఒక మట్టి గోలెం నిండా నీళ్ళుండేవి. ఆ నీళ్ళ మీద ఖాళీ కుడుకను తేలేస్తే, రంధ్రంలోంచి నీళ్ళు కొంచెం కొంచెం పైకి వచ్చి, కుడుక నిండి, చివరికి ‘గుడుక్’ మని మునిగేది. మునిగితే ఒక గడియ అయినట్టు, ఇప్పటి లెక్కలో ఇరవై నాలుగు నిమిషాలు. బాపు దాన్ని తీసి, నీళ్ళు పారబోసి, మళ్ళీ తేలేసి, నడుముకు కట్టుకున్న సంచిలోంచి ఒక రేగుగింజను తీసి రెండో సంచిలో వేసేవాడు. వానాకాలం పంటకు ఈ తంటా లేదు, నీళ్ళు ఎక్కువ. ఎండాకాలం వరి, మేము తాబీ అంటాం, దానికే ఈ లెక్క. చెరువు అడుగంటుతుంది కనుక రాత్రి తూము మూసేవారు. పొద్దు పొడిచినప్పటి నుంచి గూకేదాకా ముప్పై కుడుకలు. తూముకు దగ్గరున్న పై ఆయకట్టుకు, ఊరి పటేలు మడులున్న చోటికి, పన్నెండు, నడిమి వాళ్ళకు పది, చివరాయకట్టుకు ఎనిమిది. ఈ వరస తప్పేది కాదు. పగలు చిన్నదైతే ఆ కోత చివరి వాళ్ళకే పడేది. చలి పోయేవరకు ఒకటి రెండు కుడుకలు తగ్గడం వాళ్ళకు అలవాటే.

నేను లెక్కలు నేర్చింది ఆ గోలెం పక్కనే. బడి మొహం చూడలేదు. కుడుక మునిగేలోగా ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నానో లెక్కపెట్టేవాడిని. ఆ తరువాత అంగడి రోజున నల్లగొండ పోయినప్పుడు గ్రంథాలయం నడిపే నరహరి పంతులు కంట పడ్డాను. అరుగు మీద పత్రిక పైకి చదువుతుంటే వినడానికి ఆగినవాడిని, అక్షరాలు ఆయన దగ్గర దిద్దుకున్నాను, ఎక్కాలు నాకు నేనే కట్టుకున్నాను. పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి ఊళ్ళో ఎవరు ఏ కొలత అడిగినా నోటితో చెప్పేవాడిని.

సరిగ్గా ఆ రోజుల్లోనే, రెండు తాబీల నుంచి, బాపు మీద మాట పడుతోంది. ముప్పై మునగాల్సిన కుడుక ఇరవై అయిదు సార్లు మునిగి, ఇరవై ఆరోది నిండుతుండగానే పొద్దు గూకుతోంది. శివరాత్రి దాటి పగలు పెరిగినా అంతే. చివరాయకట్టుకు మూడు కుడుకల నీళ్ళు అందడమే గగనమైంది. అక్కడ గొల్ల మల్లవ్వకు రెండు మడులున్నాయి. భర్త పోయాక గొర్లను కాసుకుంటూ ఆ మడులను నిలుపుకున్న మనిషి. మొదటి ఏడు ఆమె వరి పొట్ట మీద ఎండింది. రెండో ఏడు పసుపురంగుకు తిరుగుతోంది. ఒక సాయంత్రం ఆమె చేతికర్రతో తూము దగ్గరికే వచ్చింది.

“ఏందే లచ్చన్నా, నా వంతు రాంగనే పొద్దుకు నిద్రొస్తాందా? పటేలు మడికాడ మంచిగ మెలకువగనే ఉంటది గదా?”

“నేనేం జేద్దు మల్లవ్వా. కుడుక తీసుడు, ఏసుడే నా చేతుల ఉన్నది. పొద్దు కురచైతాంది. కలికాలం.”

“కలికాలం నా మడికే వచ్చిందా? పటేలు ఇంటి గాసం తింటే పొద్దు కురచనే అయితది తియ్.”

బాపు కుడుక తీసి మళ్ళీ తేలేశాడు. రాత్రి అన్నం తినేటప్పుడు, చెయ్యి కంచంలో ఆపి, “సాయిలూ, పటేలు ఇంట్ల నేను నీళ్ళు గూడ తాగలేదురా” అన్నాడు. పొద్దు కురచ కావడాన్ని ఆయన నిజంగా నమ్మాడు. ఆయనే కాదు, ఊళ్ళో పెద్దవాళ్ళు చాలామంది నమ్మారు. మనుషుల ఆయుష్షు తగ్గింది, ఆవుల పాలు తగ్గాయి, పగలు తగ్గదా అనేవారు. కుడుక తప్పు చెబుతుందన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. మల్లవ్వకూ రాలేదు. మనిషి తప్పు చేస్తాడు గాని కుడుక ఎట్లా చేస్తుంది? ఉగాది దాటాక పెద్దలు కూడి నీరటిని మారుస్తారని మాట పుట్టింది. మారిస్తే మాకు తిండికి మరో దారి వెతుక్కోవాలి. అది సరే. నీళ్ళు అమ్ముకున్న నీరటి అనే పేరు ఆయన వెంట కాటిదాకా నడుస్తుంది. బాపు దానికే కుంగిపోయాడు.

విఠల్ ఆ నెలలోనే నల్లగొండకు వచ్చాడు. హైదరాబాదులో బి.ఏ. చదువుతున్న కుర్రాడు, నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆయన ప్రొఫెసరు కూడా ఇప్పటి వీళ్ళ లెక్చరరు లాంటివాడే. అచ్చు పుస్తకాలు మూసేసి, మీ జిల్లాలో ఎవరూ విప్పని మూట ఒకటి విప్పి రాయమన్నాడట. నల్లగొండ గ్రంథాలయంలో అలాంటి మూటలు గదినిండా ఉండేవి. ఊళ్ళల్లో కరణాల ఇళ్ళు కూలుతుంటే, అటకల మీది దస్త్రాలు పొయ్యిలోకి పోకుండా పంతులు ఎడ్లబండి కట్టుకుని తిరిగి తెచ్చినవి. ఆ గది తలుపు తీస్తే వసకొమ్ము వాసన, తాటాకులకు రాసిన నిమ్మగడ్డి నూనె వాసన గుప్పుమనేవి. మూటల మడతల్లో పాము కుబుసం ముక్కలు పెట్టేవారు, పురుగు రాదని. సిరాబుడ్డి లోపలికి పోకూడదు, పెన్సిలే. చేతులు కడిగి, తుడుచుకుని, పంతులుకు చూపించి మరీ మూట ముట్టాలి. విప్పిన ముడి ఎలా ఉందో అలాగే మళ్ళీ వేయాలి. గ్రంథాలయం అందరిదీ అని నియమాల పలక మీద రాసి ఉండేది. అయినా నేను గడప దగ్గరే ఆగేవాడిని. ఆగడం నాకు ఎవరూ చెప్పనక్కరలేదు, పుట్టుకతో వచ్చింది. పంతులు అది చూసి మూటను అరుగు మీదికి తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టేవాడు.

విఠల్‌కు ఉర్దూ ధారాళం, పాత తెలుగు గొలుసురాత రాదు. నాకు గొలుసురాత వచ్చు. అందుకని పంతులు మమ్మల్ని జతచేశాడు. మా ఊరి చెరువు దస్త్రం విఠల్ ఏరుకున్నదే, నేను చెప్పింది కాదు. పన్నెండు, పది, ఎనిమిది అని వంతులు రాసిన ఆకు దొరికిన రోజు ఆయన సంతోషం పట్టలేక నా వీపు చరిచాడు. ఆ మరుసటి వారం నేను ఊళ్ళో లేని రోజున మా ఊరికి పోయి, చేతిగడియారంతో పొద్దంతా కాలువ గట్టున కూర్చుని వచ్చాడట. నేను అంగడి రోజు వెళ్ళేసరికి వ్యాసం సగం రాసేశాడు. పంతులుకు, నాకు చదివి వినిపించాడు. చివరాయకట్టుకు దస్త్రం ప్రకారం రావాల్సింది నూట తొంభై రెండు నిమిషాలు. గడియారం ప్రకారం వచ్చింది నూట నాలుగు. కనుక, అని చదివాడు, ఊరి నీరటి పై ఆయకట్టు వారికి లోబడి చివరి వారి నీటిని దారి మళ్ళిస్తున్నాడు.

“ఆదివారం గ్రంథాలయం సభల చదువుతా పంతులుగారూ. ఒక నకలు తాసీలుకు గూడ పంపిస్తా. నీరటిని మార్చాలె.”

“సారూ,” అన్నాను, “ఆ నీరటి మా బాపు.”

విఠల్ మొహం ఎర్రబడింది. కాసేపు కాగితాలు సర్దాడు. “నాకు తెల్వదు సాయిలు భాయ్. ఖసమ్. కాని లెక్క లెక్కే గదా. నీ బాపని లెక్క మారుస్తనా?”

“మార్చకు. సగం చేసిన లెక్కను మాత్రం సభల చదవకు. నువ్వు పొద్దును కొలిచినవు, కుడుకను కొలువలే.”

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. అప్పటిదాకా నేను కూడా కుడుకను ఏనాడూ అనుమానించలేదు. పంతులు ముక్కుపొడుం డబ్బీ మూసి, “విఠలూ, మూటల ఎన్ని ఆకులున్నయి?” అని అడిగాడు.

“నలభై ఒకటి.”

“నువ్వెన్ని చదివినవు?”

విఠల్ మూట విప్పి ఒక ఆకు మీద వేలు పెట్టాడు. వంతులు రాసింది తొమ్మిదో ఆకు. అది దొరకగానే ఆగిపోయాడు. దొరికిన చోట ఆగడం మనిషి గుణం. నేనూ తొమ్మిది దగ్గరే ఆగాను, మా బాపు మీద పడేదాకా.

మిగిలిన ముప్పై రెండు ఆకులు ఇద్దరం రెండు రోజులు చదివాం. ఊరికి పోకుండా పంతులు అరుగు మీదే పడుకున్నాను. చాలా ఆకుల్లో గట్టు తెగిన సంగతులు, తుమ్మచెట్ల తగాదాలు. ముప్పై నాలుగో ఆకులో ఉంది: పగలు రాత్రి సమానమైన దినమున పొద్దుపొడుపు మొదలు పొద్దుగూకు దాక కుడుకను పరీక్షించవలెను. ముప్పది మునిగిన సరి. హెచ్చుతగ్గులైన కుడుకను సరిజేయించి, పిమ్మట వంతులు నడుపవలెను. నేను పైకి చదివాను. విఠల్ మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. తన వ్యాసం తీసి ‘కనుక’ దగ్గర నుంచి కింది భాగమంతా పెన్సిలుతో కొట్టేశాడు. అతడి మీద నాకున్న కోపం అక్కడే పోయింది.

అమావాస్యకు ఊళ్ళో అరకలు కట్టరు, తూమూ తీయరు. ఆ రోజు కుడుకను నల్లగొండకు తీసుకుపోతానని బాపును అడిగాను. ఊరి పొలిమేర దాటి ఆ కుడుక ఎన్నడూ పోలేదు. చివరికి ఎర్రగుడ్డతో సహా నా చేతిలో పెట్టి, “కింద పెట్టకు. ఒళ్ళె పెట్టుకో” అన్నాడు. అవ్వ దండం పెట్టుకుని పంపింది.

గ్రంథాలయం అరుగు మీద గోలెంలో నీళ్ళు వడగట్టి పోశాం. విఠల్ గడియారం పట్టుకున్నాడు, నేను కుడుక వేశాను, పంతులు మునగ్గానే ‘ఆ’ అనేవాడు. పన్నెండు సార్లు వేశాం. ఇరవై ఎనిమిది, ఇరవై ఎనిమిదింపావు, ఇరవై ఏడు ముప్పావు, మళ్ళీ ఇరవై ఎనిమిది. సరాసరి ఇరవై ఎనిమిది. నాలుగు నిమిషాలే ఎక్కువ. కాని పై వాళ్ళ పన్నెండు కుడుకలకు మూడు వందల ముప్పై ఆరు నిమిషాలు, నడిమి వాళ్ళ పదికి రెండు వందల ఎనభై. పన్నెండు గంటల పగటికి నిమిషాలు ఏడు వందల ఇరవై. అందులోంచి ఆ రెండూ తీసేస్తే నూట నాలుగు మిగులుతుంది. విఠల్ కాలువ గట్టున కూర్చుని కొలిచిన అంకె అదే. ఎవరూ ఏమీ దొంగిలించలేదు. కుడుక ప్రతిసారి ఆలస్యంగా మునిగింది, ఆ ఆలస్యమంతా పేరుకుని వరసలో చివర నిలబడ్డ వాళ్ళ మీద పడింది. నేను లెక్క పూర్తిచేసి పెన్సిలు కింద పెట్టాను.

పంతులు కుడుకను ఎండకు ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. “సాయిలూ, గిటు చూడు. రాగిల తెల్లగ ఏంది?”

రంధ్రం చుట్టూ, అంచు వెంట, సన్నని తెల్లని వలయం ఉంది. విఠల్ గోటితో గీకాడు. “కళాయి! ఎవలు పెట్టిచ్చిన్రు దీనికి కళాయి?”

నాకు ఆ క్షణంలో నవాసారం పొగ వాసన ముక్కుకు తగిలింది. అప్పటికి రెండేళ్ళ కింద ఊళ్ళోకి కళాయి వేసేవాడు వచ్చాడు. వీధి మొగలో గుంత తీసి, తిత్తి ఊది, ఎర్రగా కాలిన గిన్నెల్లో నవాసారం చల్లి, తగరం కరిగించి గుడ్డతో తుడుస్తుంటే పిల్లలతోపాటు నేనూ నిలబడి చూశాను. మా ఇంట్లో ఉన్నవి రెండు ఇత్తడి గిన్నెలు. అవ్వ వాటితోపాటు కుడుకను కూడా నాకిచ్చి పంపింది. రోజూ చింతపండు, బూడిద పెట్టి తోమినా పొద్దుటికల్లా పచ్చటి చిలుము పడుతోందని ఆమెకు బాధ. “గంగమ్మ ముక్కుపుల్ల లెక్క మెరవాలెరా” అంది. మెరుస్తూనే తెచ్చాను. బాపు చూసి మురిసిపోయాడు. ఆ తగరం రంధ్రం లోపలికి ఒక వెంట్రుక మందం పాకి ఉంటుందని మా ముగ్గురిలో ఎవరికి తడుతుంది?

కాగితం మీద ‘కారణం’ గడి ఖాళీగా ఉంది. నేను ‘అవ్వ’ అని రాశాను. రాసి చూస్తే, ఆ రెండక్షరాలు ఆదివారం సభలో పదిమంది ముందు చదువుతారని, తాసీలుకు పోతుందని, అక్కడి నుంచి మల్లవ్వ నోటిదాకా వస్తుందని అనిపించింది. పంట ఎండబెట్టిన ముసల్ది అంటారు. రెండు గీతలు కొట్టాను. “తెల్వదు సారూ” అన్నాను. విఠల్ నా మొహం చూసి, ఇంకేమీ అడగకుండా ‘కారణం తెలియదు’ అని రాసుకున్నాడు. ఆయనకు తెలిసిందేమో, నాకు ఇప్పటికీ నమ్మకంగా తెలియదు.

బాపుకు మాత్రం చెప్పక తప్పలేదు. కట్ట మీద నడుస్తూ చెప్పాను. ఆయన ఆగి, చెరువు కేసి చూసి, “అయితే పొద్దు కురచ కాలేదన్నట్టు” అన్నాడు. మొదట వచ్చిన మాట అదే. తరువాత, “మీ అవ్వకు చెప్పకు” అన్నాడు. బంగారప్పని చేసే ఔసలి దగ్గర సన్న ఆకురాయితో తగరం తీయించి, విఠల్ గడియారం ముందు పెట్టుకుని, ఇరవై నాలుగు వచ్చేదాకా కొంచెం కొంచెం గీయించాం. తొమ్మిది సార్లు పట్టింది. ఊరిపెద్దలు కూడినప్పుడు బాపు లేచి, కుడుక చూపించి, “కళాయి నేనే పెట్టిచ్చిన. బుద్ధి గడ్డి తిన్నది” అన్నాడు. విఠల్‌తో కలిసి మా ఊరికి వచ్చిన పంతులు ముప్పై నాలుగో ఆకు నకలు చదివాడు. ఇంత చదువుకున్నవాళ్ళు నిలబడితే పటేలు కూడా అడ్డం రాలేదు. బాపు ఇంకొకటి అడిగాడు. ఈ తాబీకి మిగిలిన రోజులు వరస తిరగేయాలని, చివరాయకట్టుకు మొదటి వంతు ఇవ్వాలని. నడిమి వాళ్ళు గొణిగారు. గొణుగుతూనే ఒప్పుకున్నారు.

మరునాడు పొద్దు పొడుస్తూనే మల్లవ్వ మడికి నీళ్ళు పోయాయి. ఆమె ఎనిమిది కుడుకలూ తూము దగ్గరే కూర్చుని, ఒక్కొక్కటి మునిగినప్పుడల్లా వేలు మడిచింది. సాయంత్రం మళ్ళీ వచ్చింది. ముప్పైయో కుడుక మునిగినప్పుడు పొద్దు గుట్ట మీద అంగుళం ఉంది.

“లచ్చన్నా, పొద్దు మల్ల పొడుగైందే!”

“అయింది మల్లవ్వా. నువ్వు తిట్టినవు గదా, భయపడ్డది.”

బాపు నవ్వడం రెండేళ్ళలో అదే మొదటిసారి చూశాను. మల్లవ్వ వరిలో సగం దక్కింది. సగం దక్కలేదు. అది నా లెక్కలో ఇప్పటికీ ఉంది.

అవ్వకు ఎవరూ చెప్పలేదు, కాని కళాయి అనే మాట ఊరంతా తిరిగాక ఆమెకు తెలియకుండా ఉంటుందా? ఒకరోజు గటక వడ్డిస్తూ, నా కేసి చూడకుండా అడిగింది.

“మీ బాపు తన మీదేసుకున్నడట గదా. నీ కాయితంల ఎవలి పేరు రాసినవు?”

“ఎవలిదీ రాయలే అవ్వా.”

“ఎందుకు రాయలే?”

“నిన్నంటరని.”

“అంటే అననీ. రేపు ఇంకో ఊర్ల నా అసొంటి ముసల్ది గిట్లనే మెరవాలని పెట్టిస్తది. కాయితంల ఉంటే ఎవడన్న చదువుకున్నోడు చూసి చెప్పడా? ఏమయిందో రాసి, ఎట్లయిందో రాయకపోతే ఆ రాసుడెందుకురా?”

అప్పటికి విఠల్ హైదరాబాదు వెళ్ళిపోయాడు. కాగితం అతడి వెంట పోయింది. ఆ తరువాతి ఏళ్ళల్లో రజాకార్లు, పోలీసు చర్య, ఊరు ఊరంతా అటూ ఇటూ అయింది. అవ్వ ఆ మధ్యలోనే పోయింది. విఠల్ ఏమయ్యాడో తెలియదు. వ్యాసం నకలు మాత్రం పంతులుకు పంపాడని, పంతులు దాన్ని ఆ నలభై ఒక్క ఆకుల మూటలోనే, నలభై రెండోదిగా కట్టి పెట్టాడని ఈ అమ్మాయిలు చెబితేనే తెలిసింది.

ఇప్పుడు నేను నీళ్ళను కొలిచే చోట సిమెంటు గోడ మీద అడుగులు, అంగుళాలు గీసి ఉంటాయి. మా ఊరి చెరువంత నీరు ఒక గేటు కొంచెం లేస్తే పోతుంది, ఎవరికి పోతుందో గేటు దగ్గరి మనిషికి తెలియదు. కాలువ చివర నిలబడ్డవాళ్ళు ఎవరూ చేతికర్రతో నా దగ్గరికి రారు. వాళ్ళ మడికి ఎంత అందిందో నా పుస్తకంలో గడి లేదు. అయినా పొద్దున గేజీ చూసేటప్పుడు ఆ గీతల మీది పాచిని గోటితో గీకి చూడటం నాకు అలవాటు. కొత్తగా వచ్చిన ఇంజనీర్లు నవ్వుతారు.

చాయ తాగాక ఇదంతా చెప్పాను. సుగుణ కళ్ళు తుడుచుకుంది. మేరీ తుడుచుకోలేదు. పెన్సిలు పట్టుకుని అడిగింది:

“సార్, మీరు చెప్పిన్రు, మేం నమ్ముతం. మా లెక్చరరు నమ్మాలె గదా. మీ మాట గాక వేరే ఆధారం ఏమన్న ఉన్నదా?”

ముప్పై ఏళ్ళలో నన్ను ఎవరూ ఇంత మంచి ప్రశ్న అడగలేదు. లోపలికి పోయి ట్రంకు పెట్టె అడుగు నుంచి ఎర్రగుడ్డ మూట తెచ్చాను. తూము దగ్గర గడియారాలు వచ్చాక బాపు నాకిచ్చిపోయినది. కుడుక లోపలి వంపులో, ఔసలి ఆకురాయి అందని చోట, గోరంత తెల్లటి తగరం ఇంకా అంటుకునే ఉంది. వాళ్ళిద్దరూ కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశారు. మేరీ బొమ్మ గీసుకుంది, తగరం ఉన్న చోట చుక్కలు పెట్టింది.

“ఇది మూటతోపాటు ఆ గదిల ఉండాలె సార్” అంది సుగుణ.

“తీసుకపోండ్రి. ముందుగాల కొలవండ్రి.”

బకెట్టుతో నీళ్ళు తెచ్చి వరండాలో పెట్టాను. కొంగు అడ్డం పట్టి వడగట్టారు. ఎన్ని నిమిషాలు రావాలో నేను చెప్పలేదు. కథలో చెప్పాను గాని ఇన్నేళ్ళలో రాగి అరిగిందో చిలుము పట్టిందో నాకూ తెలియదు. సుగుణ కుడుకను నీళ్ళ మీద వదిలింది, మేరీ చేతిగడియారం చూసి అంకె వేసుకుంది. కుడుక నిండుతూ ఉంది. ఆ మధ్యలోనే మేరీ, తల ఎత్తకుండా, ‘కారణం’ గడి మీద పెన్సిలు ఆనించి, “మీ అవ్వ పేరేంది సార్?” అంది.

“బాలమ్మ” అన్నాను. “నీరటి బాలమ్మ. మెరవాలని కళాయి పెట్టిచ్చింది. గట్లనే రాయి, ఆమెనే రాయమన్నది.”

రాస్తుండగానే బకెట్టులో గుడుక్ మంది. మేరీ గడియారం చూసింది. ఇరవై మూడున్నర. “ఇంకోసారి ఎయ్యండ్రి” అన్నాను. “పన్నెండు సార్లు.”